ఫిరంగులు ముందు, బొమ్మలు చివర

1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్సీ ఫ్లారెన్స్ వదిలి మిలాన్ చేరాడు. కావలసింది కొలువు. అక్కడి పాలకుడు లుడొవికో స్ఫోర్జాని ఉద్దేశించిన ఉత్తరం చిత్తుప్రతి మిలాన్‌లోని అంబ్రోసియానా గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉంది.

రాయించినది చిత్రకారుడు కదా, బొమ్మల ఊసుతో మొదలవుతుందనుకుంటాం. అదేం లేదు! సులువుగా మోసుకెళ్లే వంతెనలు, కందకంలో నీళ్లు తోడే ఉపాయాలు, ఫిరంగులు, పైకప్పున్న రథాలు... వరసగా యుద్ధ సరంజామానే. శాంతికాలానికి కట్టడాలు, కాలవలు. శిల్పం, చిత్రలేఖనం ఆ తర్వాతే వస్తాయి. లుడొవికో తండ్రి స్మారకంగా కంచు గుర్రం చేసిపెడతానని ఒక ఎర కూడా ఉంది. నమ్మకం లేకపోతే మీ తోటలోనే చేసి చూపిస్తానన్నది అసలు చమక్కు.

పని అడిగేవాళ్లు తమ పనితనం చూపించే కట్టని ఇప్పుడు పోర్ట్‌ఫోలియో అంటున్నాం. ఆ మాటకి మూలం కూడా లియొనార్డో మాట్లాడిన ఇటాలియన్‌లోనే ఉంది, కాగితాలు మోసేదని అర్థం. ఇప్పుడా సంచీ ఫోన్‌లోకి దిగింది.

మగ్గం వర్క్ చేసే ఆవిడనే చూడండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వంద జాకెట్ల ఫొటోలు గుప్పిస్తే పెళ్లివారి కళ్లు తిరుగుతాయి. పది చాలు. ఒకే జాకెట్‌ని వెనక మెడ దగ్గర నుంచి, చేతి అంచు దగ్గర నుంచి, మరీ ముఖ్యంగా లోపలివైపు నుంచి తీయాలి. జర్దోసీ ఒంటికి గుచ్చుకుంటుందేమోనన్న భయం లైనింగ్ చూస్తేనే తీరుతుంది. పక్కన ఎన్ని రోజులు పట్టిందో, ఎంత తీసుకున్నారో రాస్తే సగం బేరం అక్కడే అయిపోతుంది. నెట్‌లో దొరికిన ఫొటోని తనదిగా పెట్టారో, అదే డిజైన్ కావాలంటూ మొదటి ఫోన్ వస్తుంది.