తిరగమాత వాసన తెలియనప్పుడు

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతపు మెట్ట పల్లెల్లో వయసు మళ్లినవారు నోరు చప్పబడిందనీ, అన్నం సయించడం లేదనీ చెప్పుకుంటే, ఇంట్లోవారు దాన్ని ముసలితనపు లక్షణంగా తీసుకుని ఊరుకోవడం మామూలే. అయితే ఆ ఫిర్యాదు వెనుక నాలుక లోపం కంటే ముక్కు లోపమే ఎక్కువసార్లు ఉంటుందనీ, దానివల్ల మనిషి తినేవీ మానేసేవీ క్రమంగా మారిపోయి పోషణే దెబ్బతింటుందనీ వైద్యశాస్త్రం గుర్తించింది.

నాలుక తనంతట తాను పోల్చుకోగలిగేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీటితోపాటు మాంసపు రసంలోనూ పండిన టమాటాలోనూ ఉండే గ్లుటమేట్ అనే పదార్థం కలిగించే కమ్మదనం మాత్రమే. మిగిలినదంతా, అంటే గోంగూరను గోంగూరగా, చింతచిగురును చింతచిగురుగా గుర్తుపట్టించేదంతా, నమిలేటప్పుడు ఆహారం నుంచి విడుదలైన వాసన అణువులు గొంతు వెనుక దారిన ముక్కు పైభాగానికి చేరి, అక్కడున్న సుమారు 400 రకాల గ్రాహకాలను, అంటే వాసనను పట్టుకునే ప్రోటీన్లను, తాకడం వల్ల తెలిసేదే. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో వెల్లడించిన రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. కారం సంగతి వేరు: షడ్రుచుల్లో దాన్ని లెక్కించినా, అది మిరపలోని క్యాప్సైసిన్ పుట్టించే మంట, ఆ మంటను మెదడుకు చేర్చేది ముఖానికి స్పర్శనూ నొప్పినీ తెలిపే ట్రైజెమినల్ నాడి కాబట్టి, వాసన పూర్తిగా పోయినవారికి కూడా కారం తెలుస్తూనే ఉంటుంది.

ఈ మెట్ట పల్లెల తిండి విషయంలో ఈ తేడాకు చాలా ప్రాధాన్యం ఉంది. కంది పండే ఈ నేలలో పప్పే రోజువారీ మాంసకృత్తులకు ఆధారం. ఆ పప్పుకు రుచినిచ్చేవి తిరగమాతలో వేగిన జీలకర్ర, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు, పైన వేసుకునే నెయ్యి, ఇవన్నీ ప్రధానంగా వాసన మీద నిలిచినవే. వాసన పోతే పప్పులో మిగిలేది ఉప్పూ మెత్తదనమే. జొన్న సంగటిలోకి నూరిన పచ్చిమిరపకాయల రోటి పచ్చడిలోనో, ఊరగాయలోనో మాత్రం ఉప్పు, పులుపు, మంట మూడూ చెక్కుచెదరకుండా ఉంటాయి. అందువల్ల వాసన తగ్గిన మనిషి తనకు తెలియకుండానే పప్పునూ కూరనూ పక్కకు నెట్టి, పచ్చడి మెతుకులతోనూ మజ్జిగన్నంతోనూ భోజనం ముగిస్తాడు. కారం బాగానే తెలుస్తోంది కాబట్టి రుచి పోయిందన్న అనుమానం ఇంట్లో ఎవరికీ రాదు. ఘాటైన వంట ఉన్న చోట ఈ లోపం ఇంతకాలం కనబడకుండా ఉండటం నిజంగా విచారించదగ్గ విషయం.

ఆ మార్పు శరీరానికి రెండు వైపులా నష్టమే. మాంసకృత్తులు తగ్గి కండ కరుగుతుంది. మరోవైపు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని చెప్పిన ఉప్పు, ఊరగాయల ద్వారా ఆ హద్దు దాటి రక్తపోటును పెంచుతుంది. రిచర్డ్ డోటీ బృందం 1984లో అమెరికాలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 65 నుంచి 80 ఏళ్ల వారిలో సగానికి పైగా, 80 దాటినవారిలో సుమారు ముప్పాతిక మందికి ఘ్రాణశక్తి బాగా తగ్గి ఉంటుంది. పళ్లూడినవారు సరిగా నమలలేరు కనుక, ఉన్న వాసన కూడా వారికి అందడం తగ్గుతుంది.

ఈ ప్రాంతానికి నీటి బాధ అదనం. పొరుగున, అప్పటి నెల్లూరు జిల్లాలో, నీటిలో మితిమీరిన ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ఉందని షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లోనే ప్రచురించారు. తాగునీటిలో ఉండే మోతాదులో ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ వాసనా లేవు కాబట్టి దాన్ని ఏ నాలుకా పట్టలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి కష్టం ఇంకో రకం: రక్తంలో పేరుకున్న యూరియా లాలాజలంలోకి దిగి, నోటి సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియాగా మారి, లోహపు రుచినీ దుర్వాసననూ పుట్టిస్తుంది, గుడ్డూ మాంసమూ చూస్తేనే వెగటు పుట్టడంతో, అసలే బలహీనపడిన మనిషి ఇంకా చిక్కిపోతాడు.

జలుబు, ముక్కులో పెరిగే కండలు, కోవిడ్, మధుమేహం, తలకు దెబ్బ, ఏళ్ల తరబడి పీల్చిన పొగా దుమ్మూ, ఇవన్నీ వాసనను తగ్గించగలవు. మెట్‌ఫార్మిన్, మెట్రోనిడజోల్ వంటి మందులు నోటికి లోహపు రుచి తెస్తాయి. జింకు లోపం కారణమైతే తప్ప జింకు మాత్రలు మింగడం వల్ల ప్రయోజనం ఉండదు. ఉన్నట్టుండి వాసన పోయినా, ఆరు నెలలు, ఏడాదిలో ప్రయత్నం లేకుండానే బరువు ఇరవయ్యో వంతు తగ్గినా వైద్యుడికి చూపించుకోవాలి. అప్పటివరకూ వంటలో ఉప్పు పెంచకుండా నిమ్మరసం, మిరియాలు చేర్చవచ్చు. పప్పులో వేయించిన వేరుశనగలు కలిపితే నమలడానికి కరకర, తినడానికి మాంసకృత్తులు రెండూ దొరుకుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఇవేవీ వైద్యుణ్ని అడగకుండా మార్చుకోకూడదు. ఉప్పుకు బదులుగా అమ్మే పొటాషియం లవణం వారికి ప్రాణాంతకం కావచ్చు.

వైరస్ వంటి కారణాల వల్ల పోయిన వాసనకు జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ఒక సాధనను ప్రచురించింది: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలను ఉదయం సాయంత్రం కొద్ది సెకన్ల చొప్పున పీల్చడం, పన్నెండు వారాలు మానకుండా చేయడం. అందరికీ ఫలితం రాకపోయినా, ఘ్రాణ కణాలకు మళ్లీ పుట్టే గుణం ఉంది కనుక కొందరికి మేలు జరిగింది. పెద్దగా ఖర్చు లేని పనే. పూజకు తెచ్చిన గులాబీ, పోపుల పెట్టెలోని లవంగం, ఒక నిమ్మకాయ, చిన్న నీలగిరి తైలం సీసా ఉంటే గిద్దలూరు ఇంట్లోనైనా మొదలుపెట్టవచ్చు.