చెక్కు అను మాట పుట్టుక

ఇంగ్లీషు అక్షర మొక్కటియు నెరుగని మన పాచిపెంట కొండవారు సైతము తరచుగా పలుకు ఇంగ్లీషు మాట యొకటి కలదు. అది చెక్కు. సాలూరునుండి ఒడిశాలోని సుంకికి ఎక్కిపోవు ఘాటుదారిలో లారీలను నిలిపి చూచుచోటు చెక్‌పోస్టు. కొండవాలున గెడ్డకు అడ్డముగా కట్టిన గోడ చెక్‌డ్యాము. బ్యాంకులో సొమ్ము నిప్పించు కాగితము చెక్కు. వసతిగృహములో పెట్టె తెరచి వెదకుటయు చెక్కు చేయుటయే. ఈ కడపటిదానిని గూర్చి, కొన్ని యేండ్ల క్రిందట ఒక బాలుడు కంట తడిపెట్టుకొని, "మాస్టారూ, నేను దొంగనా? నా పెట్టె నెందుకు చెక్కు చేసినారు?" అని నన్నడిగెను. ఆనాడు వానికి సరియైన జవాబు చెప్పలేకపోతిని.

ఈ మాట పుట్టినది చదరంగపు పలకమీద. క్రీ.శ. 6వ శతాబ్ది ప్రాంతమున మన దేశమున చతురంగమను పేర ఆడబడిన యాట పారసీక దేశమునకు పోయెను. పారసీక భాషలో రాజునకు షా అని పేరు. ఎదుటివాని రాజుమీదికి బలమును నడిపినవాడు "షా" అని పలికి హెచ్చరించెడివాడు. ఆ పలుకు అరబ్బుల నోట ఐరోపాకు చేరి, ప్రాచీన ఫ్రెంచిలో ఎషెక్ అయి, 1300 ప్రాంతమున ఇంగ్లీషులో చెక్కైనది. చెస్ అను ఆటపేరును ఆ ఫ్రెంచి మాటయొక్క బహువచనమునుండి వచ్చినదే. రాజు అను మాటకు ఆపుట, అదుపుచేయుట, సరిచూచుట అను అర్థములు కలుగుట యెంత వింత! మనము శిలను చెక్కు చెక్కునకుగాని, చెంపకు పేరైన చెక్కునకుగాని దీనితో చుట్టరికము లేదు.

ఆటలో చెక్కు పడినంతమాత్రమున ఆట ముగియదు. రాజు పక్కగడికి జరుగవచ్చును. నడుమ మరియొక బలమును అడ్డము పెట్టవచ్చును. పైబడిన బలమునే చంపవచ్చును. ఏదో యొకటి చేసి జవాబు చెప్పక మాత్రము తీరదు. ఈ మూడును కుదరనప్పుడే షామాత్, అనగా రాజు దిక్కులేనివాడయ్యెను. అరబీ మాటనుబట్టి రాజు మరణించెనని చెప్పువారును కలరు. దీనినే మనము ఆటకట్టు అందుము. ఒకని దుండగము నణచుటకు మన తెలుగువారు "వాని ఆట కట్టించెదను" అందురు. ఇంగ్లీషువారు నడిమి హెచ్చరికనుండి మాట తీసికొనగా, మనము ఆట ముగింపునుండి తీసికొంటిమి. అందుచేత చెక్కు అనగానే మనవారికి అంతయు ముగిసినట్లు తోచుచున్నదేమో!

బ్యాంకు చెక్కు కథ చిన్నది. 18వ శతాబ్దమున ఇంగ్లండులో, మోసము జరుగకుండ సరిచూచుకొనుటకు ఉంచుకొను ప్రతిముక్కకు మొదట ఈ పేరు వచ్చెను. పిమ్మట సొమ్మిచ్చు కాగితమునకే నిలిచెను. ఆ దేశపు ఖజానాకు ఎక్స్‌చెకర్ అను పేరు అంతకంటె పాతది. 12వ శతాబ్దమున అచ్చటి అధికారులు చదరంగపు గళ్లవంటి గళ్లుగల బట్ట పరచి, దానిమీద బిళ్లలు జరుపుచు లెక్క చూచెడివారు.

ఈ మాటకు నిండైన అర్థము మన గెడ్డలలోనే కనబడును. చెక్‌డ్యాము నీటిని బంధించి ఉంచునది కాదు. వానకాలమున మన్ను కోసికొనుచు దుముకు నీరు అచ్చట మందగించును. మట్టి అడుగున దిగును. కొంత నీరు నేలలోనికి ఇంకును. మిగిలినది గోడమీదుగా పొరలి తన దారిని పోవును. చెక్‌పోస్టును అట్టిదే. వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు 2017లో ఎత్తివేయబడినను, ఇతర శాఖలవారు దారిలో బండ్లను నిలుపుట మానలేదు. సరకు సరియైనదైనచో బండి సాగిపోవును. నిలిచిన ప్రతి బండివాడును దొంగ కాడు.

కావున, "నాయనా, నీవు దొంగవు కావు, చెక్కనగా నేరమని అర్థము కాదు" అని ఆ బాలునితో నేను చెప్పవలసియుండెను. కాని వాని దుఃఖమంతయు మాట తెలియక కలిగినదే యనలేను. నేటి చదరంగపు పోటీలలో చెక్కని నోట పలుకవలెనను నిబంధన లేదుగాని, ఆ మాట పుట్టినదే ముందుగా ఎరిగించుటకై. ఆ వసతిగృహమున పెట్టెలు తెరచిన వేళకు పిల్లలందరును బడిలో నుండిరి. వారితో ఎవరును ముందుగా చెప్పియుండలేదు.