నాలుక లోతు చూపిన అయస్కాంతం

నాలుక అంచున ఎన్నాళ్లకూ మానని పుండు. ముక్క తీసి పరీక్షిస్తే అది క్యాన్సరో కాదో తేలుతుంది, లోపల ఎందాకా పాకిందో తేలదు. అసలు ప్రమాదమంతా ఆ లోతులోనే ఉంది. పైకి రెండు సెంటీమీటర్లు మించని గడ్డయినా 5 మిల్లీమీటర్ల కన్నా లోతుకు దిగితే డాక్టర్లు దాన్ని మొదటి దశగా లెక్కించరు. నాలుకలోనూ ఉండే చిన్న లాలాజల గ్రంథుల్లో పుట్టే అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్ అరుదైనది, మరీ మొండిది. నరం పట్టుకుని పుర్రె అడుగుదాకా పోగలదు. కొండాపురంలో రైలెక్కి ముద్దనూరు, ఎర్రగుంట్ల దాటి కడపకో తిరుపతికో పోయే రోగికి ఎం.ఆర్.ఐ. రాసేది ఇందుకే.

ఈ యంత్రం కథ ఎలుకల గడ్డలతో మొదలైంది. అయస్కాంతంలో పెడితే ఒంటి నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు వరుస కడతాయి. రేడియో తరంగం తగిలితే చెదిరి, మళ్లీ సర్దుకుంటాయి. ఎలుకల కణితిలో ఆ సర్దుబాటుకు ఎక్కువ సేపు పడుతుందని బ్రూక్లిన్ డాక్టర్ రేమండ్ డమాడియన్ 1971లో ప్రకటించాడు. ఆ తేడా ఒక్కటే క్యాన్సర్‌ను పట్టిస్తుందన్న ఆయన ఆశ నిలవలేదు, వాపు కూడా అలాగే కనిపిస్తుంది. సంకేతం ఏ చోటు నుంచి వస్తోందో కనిపెట్టి బొమ్మ గీసే ఉపాయం 1973లో పాల్ లాటర్‌బర్ చెప్పాడు. 1977 జూలై 3న డమాడియన్ బృందం తమలో ఒకరి ఛాతీ బొమ్మ తీసింది. ఆ ఒక్క బొమ్మకు దాదాపు ఐదు గంటలు పట్టింది! పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానికి వేగం నేర్పాడు. 2003 నోబెల్ లాటర్‌బర్‌కూ మాన్స్‌ఫీల్డ్‌కూ దక్కింది. ముగ్గురి దాకా పంచగల బహుమతిలో డమాడియన్‌కు చోటివ్వకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం.

నాలుక అంటే దాదాపు అంతా కండే. సీ.టీ.లో కండా గడ్డా కలిసిపోయినట్టుంటాయి, పళ్లకు వేయించిన లోహం వల్ల బొమ్మ నిండా చారలు పడతాయి. ఎం.ఆర్.ఐ.లో గడ్డ హద్దు విడిగా తెలుస్తుంది. గెడోలినియం మందు ఎక్కిస్తే రోగం పాకిన నరం లావెక్కి తెల్లగా మెరుస్తుంది. గుట్కా నమిలి నమిలి దవడలు బిగుసుకుపోయిన వాళ్ల నోట్లోకి డాక్టరు వేలు పోదు, టార్చి వెలుగూ సరిగా పడదు. ఈ యంత్రానికి నోరు తెరవాల్సిన పనే లేదు. గుటక మింగితే మాత్రం బొమ్మ చెదిరిపోతుంది, అందుకే నాలుక కదపొద్దని టెక్నీషియన్ ముందే గట్టిగా చెబుతారు.

ఆ బొమ్మలో సర్జన్ ముందుగా వెతికేది నడి గీత. గడ్డ దాన్ని దాటకపోతే సగం నాలుక నిలుస్తుంది. తీసేసిన చోట ముంజేతి చర్మం తెచ్చి కుట్టి, మాటను వీలైనంత కాపాడవచ్చు.