కడుపుతో ఉన్నప్పుడు ఒళ్లంతా నవ

చిత్తూరు, తిరుపతి వైపు పల్లెల్లో ఆరో నెల దాటిన గర్భిణి "పొట్టంతా ఒకటే నవగా ఉండాది మా" అందంటే, అమ్మ దగ్గర రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. "వేడి చేసుంటాదిలే" అనేది ఒకటి, "గోక్కోవద్దు, చారలు పడతాయి" అనేది ఇంకొకటి. ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చి, పొట్టకు కొబ్బరినూనె రాస్తుంది. చాలామందికి ఆపాటి సేవతోనే నిద్ర పడుతుంది. కొద్దిమందికి మాత్రం ఆ దురద చర్మం నుంచి కాక కాలేయం నుంచి వస్తుంది. ఏది ఏదో గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. వాటిని ప్రతి ఇంట్లోనూ తెలుసుకుని ఉండాలి.

ముందు మామూలు దురద సంగతి. నెలలు నిండేకొద్దీ పొట్ట, రొమ్ములు, తొడల మీద చర్మం సాగుతుంది. హార్మోన్ల మార్పుతో చర్మానికి రక్తప్రసరణ పెరిగి ఒళ్లు వెచ్చగా ఉంటుంది, చెమట ఎక్కువ పడుతుంది. దీనికి 40 డిగ్రీలు దాటే వేసవి ఎండ, పొడిగాలి తోడవుతాయి. ఉప్పు బోరు నీళ్లు మరో బాధ. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును నురగ రానివ్వవు. నురగ రాలేదని ఇంకాస్త రుద్దుతారు. చర్మం మీది సహజమైన జిడ్డు పోయి, సబ్బు తెట్టు మిగులుతుంది.

ఇక చారలంటారా, అవి గోకడం వల్ల పడవు. చర్మం లోపలి పొర సాగడం వల్ల పడతాయి. గోళ్లతో గోకితే గీరుకుపోయి పుండ్లవుతాయి కాబట్టి గోకకపోవడమే మేలు.

స్నానానికి సలసల కాగే నీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు. పది నిమిషాల్లో ముగించాలి. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు వాడితే సరిపోతుంది. సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టుకుంటే పొడిబారిన చర్మం ఇంకా మండుతుంది. టవలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంట్లో తడి ఉండగానే కొబ్బరినూనె గానీ వాసన లేని వ్యాజిలీన్ గానీ రాయాలి. ఆరిన ఒంటికి రాసేదానికన్నా ఇది బాగా పనిచేస్తుంది, తడిని చర్మంలోనే పట్టి ఉంచుతుంది. దురద ఎక్కువైన చోట చల్లటి తడిగుడ్డ వేసుకోవచ్చు, కాలమైన్ లోషన్ రాసుకోవచ్చు. కట్టుకోవడానికి పాత నూలు చీరకు మించింది లేదు. పాలిస్టరు నైటీ, బిగుతైన లంగా బొందు చెమటను, ఒరిపిడిని పెంచుతాయి.

కొన్నింటి జోలికి వెళ్లకూడదు. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి ఒళ్లంతా పట్టించడం చాలా ఇళ్లలో అలవాటు. కర్పూరం చర్మం గుండా రక్తంలో కలిసి మాయను దాటి బిడ్డను చేరగలదు, అందుకే గర్భిణులకు అది వద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే దురద ట్యూబులతో ఇంకా జాగ్రత్త. వాటిలో చాలావరకు ఘాటైన స్టెరాయిడ్లు ఉంటాయి. గర్భిణులు అలాంటివి ఎక్కువ మోతాదులో వాడితే బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఉంది. డాక్టరు రాసిచ్చిన తక్కువ ఘాటు క్రీము వేరు, షాపతను చేతికిచ్చిన ట్యూబు వేరు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన దురద. ఇది సాధారణంగా చివరి మూడు నెలల్లో వస్తుంది. అరిచేతుల్లో, అరికాళ్లలో ఎక్కువ. రాత్రి పూట నిద్ర పోనివ్వదు. దద్దుర్లేమీ ఉండవు, కనిపించేవల్లా గోకిన గీతలే. గర్భం వల్ల కాలేయం నుంచి పిత్తం సరిగా పారక, పిత్తామ్లాలు రక్తంలో పేరుకోవడం దీని లక్షణం. వైద్యులు కొలెస్టాసిస్ అంటారు. బ్రిటన్‌లో అన్ని జాతుల గర్భిణులనూ కలిపి చూస్తే ఇది వెయ్యిలో ఏడుగురికి వస్తోంది. అక్కడే భారత, పాకిస్తాన్ మూలాలున్న వారిలో వెయ్యికి 12 నుంచి 15 మంది దీని బారిన పడుతున్నారు. అంటే మనవాళ్లకు ముప్పు దాదాపు రెట్టింపు.

తల్లికి దురదే బాధ, అసలు భయం బిడ్డ గురించి. పిత్తామ్లాలు లీటరు రక్తంలో 100 మైక్రోమోల్స్‌కు చేరితే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరుగుతుందని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. అందుకే పిత్తామ్లాల పరీక్ష, కాలేయ పరీక్ష చేసి, అంకెను బట్టి కాన్పు ఎప్పుడు చేయాలో వైద్యులు నిర్ణయిస్తారు.

ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, కాళ్లకు పసుపు రాసి, చేతులనిండా గాజులు తొడుగుతారు. సరిగ్గా ఈ జబ్బు బయటపడే కాలమూ అదే. పసుపు పూసిన ఒంటి మీద కామెర్ల పచ్చదనం ఆనదు. కాబట్టి కళ్లలోని తెల్లగుడ్డును చూడాలి. అది పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, మలం సున్నంలా తెల్లబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ నీటి పొక్కులు లేచినా, బిడ్డ కదలికలు తగ్గినా అంతే.

చూపించుకోవడానికి దూరం పోనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన సురక్షిత మాతృత్వ పథకం కింద ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఊళ్లో ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పినా దారి చూపుతారు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. అయితే అరికాళ్ల దురద మొదలైతే తొమ్మిదో తేదీ కోసం ఆగకూడదు. "దురద" అని ఊరుకోకుండా ఎక్కడ, ఏ వేళ, ఎన్నాళ్లుగా అన్నది వివరంగా చెబితే డాక్టరు పని తేలికవుతుంది.

కాన్పయ్యాక కొద్ది రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో ఈ దురద పోతుంది. తర్వాతి గర్భంలో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, మొదటి చెకప్‌లోనే ఆ సంగతి చెప్పి పాత రిపోర్టులు చూపించాలి. తల్లికో అక్కచెల్లెళ్లకో ఇలా వచ్చి ఉంటే అదీ చెప్పాలి. ఆశా కార్యకర్త ఇచ్చే మాలా-ఎన్ వంటి గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఉంటుంది. ఈ జబ్బు ఒకసారి వచ్చినవాళ్లు వాటిని మొదలుపెట్టేముందు డాక్టరును అడగాలి.