అదుపు చేసే కణాల అన్వేషి

పుట్టిన మూడో రోజున ఆడ ఎలుకపిల్ల ఒంట్లోంచి థైమస్ గ్రంథిని తీసేస్తే ఏమవుతుంది? జపాన్‌లోని నాగోయా నగరంలో, ఆయిచి క్యాన్సర్ కేంద్రంలో పనిచేసే యసుఆకి నిషిజుకా, తెరుయో సకకురా 1969లో దీనికి ఎవరూ ఊహించని జవాబు ప్రకటించారు. ఆ పిల్లలు పెరిగేసరికి వాటి అండాశయాలు పాడైపోయాయి. అదే ఆపరేషన్ వారం రోజుల వయసులో చేస్తే ఏమీ కాలేదు. ఛాతీ ఎముక వెనక ఉండే థైమస్‌కూ పొత్తికడుపులో ఉండే అండాశయానికీ ఏమిటి సంబంధం? థైమస్ నుంచి ఏదో హార్మోన్ అందాలేమో, అది అందకే అండాశయం ఎండిపోతోందేమో అని వాళ్లు మొదట అనుకున్నారు.

కారణం అది కాదు. ఎలుకల రోగనిరోధక వ్యవస్థే వాటి అండాశయాలను నాశనం చేస్తోందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కొన్ని ఎలుకల్లో థైరాయిడ్, మరికొన్నింటిలో జీర్ణాశయం, మగవాటిలో వృషణాలు, ప్రొస్టేట్ కూడా దెబ్బతిన్నాయి. ఇక్కడే అసలు చిక్కు వచ్చిపడింది. థైమస్ లేకపోతే రోగనిరోధక శక్తి కుప్పకూలుతుందని జాక్ మిల్లర్ 1961లోనే చూపించాడు. మరి శక్తి తగ్గాల్సిన చోట సొంత శరీరం మీద ఈ దాడి ఏమిటి?

ఈ ప్రశ్న ఒక యువ వైద్యుణ్ణి పట్టుకుంది. పేరు షిమోన్ సకగుచి. 1951లో షిగా ప్రాంతంలోని నాగహామాలో పుట్టి, 1976లో క్యోటో విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. పై చదువు అక్కడే సాఫీగా సాగించే అవకాశం ఉన్నా, దాన్ని మధ్యలో వదిలి నాగోయాకు, నిషిజుకా ప్రయోగశాలకు వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన చేసిన పనంతా ఆ మూడు రోజుల ఎలుకపిల్లలు లేవనెత్తిన ప్రశ్న వెంట నడిచిందే.

ఆ ప్రశ్న లోతు తెలియాలంటే టీ కణాల సంగతి కాస్త తెలుసుకోవాలి. ఇవి ఒక రకం తెల్ల రక్తకణాలు. ఎముక మూలుగలో పుట్టి, థైమస్‌కు చేరి, అక్కడ ఎదుగుతాయి. థైమస్ అనే ఇంగ్లిష్ మాటలోని తొలి అక్షరం నుంచే వాటికి ఆ పేరు. ప్రతి టీ కణం ఉపరితలం మీద ఒక గ్రాహకం ఉంటుంది. జన్యువుల ముక్కలు ఒక వరుస అంటూ లేకుండా అటూ ఇటూ అతుక్కోవడం వల్ల ఒక్కో కణానికి ఒక్కో ఆకారపు గ్రాహకం వస్తుంది. రేపు ఏ వైరస్ వస్తుందో శరీరానికి ముందే తెలియదు కాబట్టి ఈ వైవిధ్యం కావాలి. అయితే అందులోనే ప్రమాదమూ ఉంది. కొన్ని గ్రాహకాలు మన సొంత కణాలనే శత్రువులుగా పట్టుకుంటాయి. అలాంటి కణాలను థైమస్ అక్కడికక్కడే చంపేస్తుంది. కాకపోతే ఆ వడపోత సంపూర్ణం కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో కూడా తప్పించుకొచ్చిన కణాలు తిరుగుతూనే ఉంటాయి. అవి విజృంభించిననాడు కంచే చేను మేసినట్టు అవుతుంది. కీళ్ల మీద పడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద పడితే టైప్ 1 మధుమేహం, చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడితే బొల్లి. తప్పించుకున్న కణాలు అందరిలోనూ ఉన్నప్పుడు జబ్బు కొందరికే ఎందుకు వస్తోంది అన్నది అప్పటి పెద్ద సందేహం. నన్నడిగితే ఈ శాస్త్రంలో ఇంతకు మించిన మంచి ప్రశ్న లేదు. చాలామంది జబ్బు ఎందుకు వస్తోందని వెతికారు. సకగుచి మిగతావాళ్లకు ఎందుకు రావడం లేదని వెతికాడు.

ఆయన ప్రయోగం చాలా సూటిగా ఉంటుంది. థైమస్ తీసేసి జబ్బుపడిన ఎలుక నుంచి టీ కణాలు తీసి ఆరోగ్యంగా ఉన్న ఎలుకపిల్లకు ఎక్కిస్తే దానికీ జబ్బు వచ్చింది. అంటే దాడి చేస్తున్నది టీ కణాలే. తర్వాత దీన్ని తిరగేశాడు. జన్యుపరంగా ఏ తేడా లేని ఆరోగ్యమైన ఎలుక నుంచి టీ కణాలు తీసి, థైమస్ పోగొట్టుకున్న పిల్లకు ఎక్కించాడు. ఈసారి జబ్బు రాలేదు. అంటే దాడి చేసే టీ కణాలున్నట్టే, ఆ దాడిని ఆపే టీ కణాలు కూడా ఉండాలి. 1982లో వెలువడిన ఆయన వ్యాసాల సారం ఇదే. మూడో రోజు రహస్యమూ ఇందులోనే దాగి ఉంది. దాడి చేసే కణాలు థైమస్ నుంచి ముందుగా బయటికొస్తాయి, అదుపు చేసేవి ఆ తర్వాత వస్తాయి. మూడో రోజున థైమస్‌ను తీసేస్తే మొదటివి ఒంట్లోకి చేరిపోయి ఉంటాయి, రెండోవాటికి దారి మూసుకుపోతుంది.

ఇంత స్పష్టమైన ఫలితం వచ్చినా శాస్త్రలోకం చెవిన పెట్టలేదు. అందుకు ఒక కారణం ఉంది. 1970ల తొలినాళ్లలో అమెరికాలో రిచర్డ్ గెర్షన్ 'సప్రెసర్ టీ కణాలు' అనే భావన ప్రవేశపెట్టాడు. దాని మీద వందలాది వ్యాసాలు పుట్టాయి. ఆ కణాలకు ఆధారమని చెప్పిన ఐ-జే అనే జన్యువు కోసం 1980ల మొదట్లో అణుజీవశాస్త్ర పద్ధతులతో వెతికితే, అది ఉండాలన్న చోట అసలు జన్యువే లేదు. కట్టుకున్నదంతా కూలిపోయింది. సప్రెసర్ అన్న మాట ఎత్తితేనే పరిశోధకులు ముఖం చాటేసే రోజులొచ్చాయి. వాళ్లను మరీ తప్పుపట్టలేం. ఒకసారి మోసపోయిన రంగం జాగ్రత్తపడటం సహజం. కానీ ఆ జాగ్రత్తలో వాళ్లొక తేడా మరిచారు. కూలింది సప్రెసర్ కణాల గురించి కట్టిన సిద్ధాంతం. సకగుచి ఎలుకల్లో కనబడింది మాత్రం కంటి ముందు జరుగుతున్న సంగతి. కణాలు తీసేస్తే జబ్బు వస్తోంది, తిరిగి ఎక్కిస్తే ఆగుతోంది. సిద్ధాంతం పోయినంత మాత్రాన అది జరగకుండా పోదు.

అప్పటికి సకగుచి దగ్గర లేనిదల్లా ఆ కణాలను వేరుగా పట్టి చూపించే గుర్తు. టీ కణాలన్నీ మైక్రోస్కోప్ కింద ఒక్కలాగే ఉంటాయి. వాటి ఉపరితలం మీది ప్రోటీన్లను బట్టే వేరుచేయాలి. 1985లో సీడీ5 అనే ప్రోటీన్ సాయంతో ఆ వెతుకులాటను కొంత ముందుకు తీసుకెళ్లాడు. కానీ అది మరీ ఎక్కువ కణాల మీద ఉంటుంది. తర్వాత కొన్నేళ్లు అమెరికాలో జాన్స్ హాప్కిన్స్, స్టాన్‌ఫర్డ్ వంటి చోట్ల, లూసిల్ మార్కీ నిధి ఇచ్చిన ఫెలోషిప్ ఆసరాతో పని చేశాడు. ఆయన భార్య నొరికో సకగుచి కూడా వైద్యురాలు, పరిశోధకురాలు. ఆయన ప్రధాన వ్యాసాల్లో ఆమె పేరు పదేపదే కనిపిస్తుంది. ఈ కథను ఒక్క మనిషి ఏకాంత పోరాటంగా చెప్పేవాళ్లు ఆమెను మరవడం అన్యాయం.

జపాన్‌కు తిరిగొచ్చాక, 1995లో గుర్తు దొరికింది. అదే సీడీ25. ఎలుకలో సీడీ4 అనే ప్రోటీన్ ఉన్న టీ కణాల్లో పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే సీడీ25ను ధరిస్తాయి. ఆ కొద్దిపాటి కణాలను ఏరివేసి, మిగిలినవాటిని టీ కణాలే లేని ఎలుకలకు ఎక్కిస్తే థైరాయిడ్, జీర్ణాశయం, అండాశయం వంటి అవయవాలు వరసగా దెబ్బతిన్నాయి. ఏరివేసిన వాటిని వెంటనే తిరిగి కలిపి ఎక్కిస్తే జబ్బు రాలేదు. వీటినే ఇప్పుడు నియంత్రక టీ కణాలు, పొట్టిగా 'ట్రెగ్' కణాలు అంటున్నారు.

నమ్మనివాళ్లు అప్పుడూ ఉన్నారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో పనిచేసే ఈథన్ షెవాక్ అలాంటివాడు. అయితే ఆయన కొట్టిపారేసి ఊరుకోలేదు, స్వయంగా ప్రయోగం చేసి చూశాడు. ఫలితం కళ్లబడ్డాక ఆ కణాలను పట్టుదలగా సమర్థించిన వాళ్లలో ఒకడయ్యాడు. సందేహించేవాడు ఇలా ఉండాలి. ఐనా ఒక అభ్యంతరం మిగిలింది. ఉత్తేజితమైన మామూలు టీ కణాల మీద కూడా సీడీ25 కనిపిస్తుంది కదా, అలాంటప్పుడు ఇది ప్రత్యేకమైన జాతి అని ఎలా చెప్పగలం?

దానికి సమాధానం వేరే దారిలో వచ్చింది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 1940లలో, రేడియేషన్ ప్రభావాన్ని చదవడానికి పెంచిన ఎలుకల మధ్య ఒంటి నిండా పొలుసులతో కొన్ని మగపిల్లలు పుట్టాయి. వాటి ప్లీహం, లింఫు గ్రంథులు విపరీతంగా ఉబ్బేవి. కొద్ది వారాలకే చచ్చిపోయేవి. వాటికి 'స్కర్ఫీ' అని పేరు పెట్టారు. లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉందని తెలుసు కానీ ఎక్కడో తెలియదు. 1990లలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక బయోటెక్ కంపెనీలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ దాన్ని పట్టుకునే పనిలో దిగారు. సుమారు 17 కోట్ల అక్షరాల క్రోమోజోమ్‌లో వెతుకులాటను 5 లక్షల అక్షరాల ముక్కకు కుదించారు. అందులో 20 జన్యువులున్నాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతే ఇరవయ్యోదానిలో దోషం దొరికింది. ఆ జన్యువే ఫాక్స్‌పీ3. 2001లో వివరాలు ప్రకటించారు. మనుషుల్లో ఇదే జన్యువు చెడితే మగశిశువులకు ఐపెక్స్ అనే అరుదైన, ప్రాణాంతకమైన వ్యాధి వస్తుందని కూడా అదే ఏడాది తెలిసింది. నెలల పసికందుకే మధుమేహం, ఆగని విరేచనాలు, ఒంటి నిండా ఎగ్జిమా.

2003లో రెండు దారులూ కలిశాయి. ట్రెగ్ కణాలను ట్రెగ్ కణాలుగా తీర్చిదిద్దేది ఫాక్స్‌పీ3 జన్యువేనని సకగుచి బృందమూ, అలెగ్జాండర్ రుడెన్‌స్కీ, రామ్స్‌డెల్ బృందాలూ విడివిడిగా చూపించాయి. మామూలు టీ కణంలోకి ఆ జన్యువును ప్రవేశపెడితే అది కూడా అదుపు చేసే కణంగా మారింది. సీడీ25 మీది అభ్యంతరం అక్కడితో తీరిపోయింది. 2025లో సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్ ముగ్గురికీ వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఈ కణాలు ఎలా పని చేస్తాయి? ఒకే పద్ధతి కాదు. టీ కణాలు పెరిగి పెచ్చరిల్లడానికి ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేత ప్రోటీన్ కావాలి. సీడీ25 దాన్ని పట్టుకునే గ్రాహకంలో భాగమే. అందుచేత ట్రెగ్ కణాలు చుట్టుపక్కల ఉన్న ఆ ప్రోటీన్‌ను పీల్చేసి, దాడికి సిద్ధమయ్యే కణాలకు అందకుండా చేస్తాయి. ట్రెగ్ కణాల మీదే సీటీఎల్ఏ-4 అనే మరో అణువు ఉంటుంది. టీ కణాలను ఉసిగొల్పే కణాల మీది సంకేతాలను అది లాగేసుకుంటుంది. ట్రెగ్ కణాల్లో ఈ అణువు లోపిస్తే ఎలుకల్లో ప్రాణాంతకమైన స్వయం దాడి మొదలవుతుందని సకగుచి ప్రయోగశాల 2008లో చూపించింది.

కణితుల్లో మాత్రం ఇవి తలనొప్పి తెస్తాయి. అక్కడ గుమిగూడి, క్యాన్సర్‌ను చంపాల్సిన టీ కణాలను అణచేస్తాయి. క్యాన్సర్‌లో వీటిని తగ్గించాలి, ఆటోఇమ్యూన్ జబ్బుల్లో, అంటే సొంత శరీరం మీదే దాడి జరిగే జబ్బుల్లో, పెంచాలి. రెండోది చెప్పినంత తేలిక కాదు. రోగి ట్రెగ్ కణాలను బయటికి తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి ఎక్కించే ప్రయత్నాలు టైప్ 1 మధుమేహంలోనూ అవయవ మార్పిడిలోనూ జరుగుతున్నాయి. చిన్న మోతాదు ఇంటర్‌ల్యూకిన్-2తో ఒంట్లోనే వాటి సంఖ్య పెంచాలని మరికొందరు చూస్తున్నారు. ఇవన్నీ ఇంకా పరీక్షల దశ దాటలేదు.

కరోనా తర్వాత మన ఊళ్లలో ఇమ్యూనిటీ పెంచే పొడులు, కషాయాలు, మాత్రలు ఇంటింటికీ చేరాయి. కానీ ఆటోఇమ్యూన్ జబ్బున్నవాళ్ల బాధ రోగనిరోధక శక్తి చాలకపోవడం కాదు, అది అదుపు తప్పడం. వాళ్లకు కావలసింది పెంచడం కాదని ఈ పరిశోధనంతా చెబుతోంది. మీ ఇంట్లో లూపస్‌తోనో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తోనో బాధపడే వాళ్లుంటే, అలాంటి ప్రకటన చూసి ఏదైనా కొనే ముందు చికిత్స చేస్తున్న డాక్టరును అడగండి. ఈ జబ్బులకు స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు కాస్త తేలికపడిందని దాన్ని సొంతంగా, హఠాత్తుగా ఆపేయకండి. నోబెల్ వచ్చిన చికిత్స మా దగ్గర ఉందంటూ ఎవరైనా ట్రెగ్ కణాల ఇంజెక్షన్ అమ్మజూపితే, అది ఏ అనుమతి పొందిన పరీక్షలో భాగమో కాగితం మీద చూపించమనండి.