తాళం గట్టిదే.. మరి బిగింపు?

హ్యాండిల్‌ను ఎడమకు తిప్పి, కీ నొక్కి తిప్పితే ‘టక్’మంటుంది. లాక్ పడింది కదా అని నిశ్చింతగా క్లాసుకెళ్లిపోతాం. ఆ ధీమా అంతా తాళంచెవి మీదున్న గాట్ల వల్లే అనుకుంటాం. కానీ బండి ఎత్తుకెళ్లాలనుకునేవాడు గాట్ల లెక్క తేల్చుకుంటూ కూర్చోడు. హ్యాండిల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజుతాడు. ఆ క్షణంలో బండిని కాపాడాల్సింది లాక్‌ను బాడీకి బిగించిన తీరు.

మెకానికల్, ఆటోమొబైల్, ప్రొడక్షన్ బ్రాంచీల్లో ఉండి, కోర్ ఉద్యోగమే కావాలని పట్టుబట్టారా? అయితే ఈ బిగింపు గురించి మీరు తెలుసుకోవాలి. డిజైన్ ట్రెయినీ ఇంటర్వ్యూల్లో ఏదో ఒక పార్ట్ బల్ల మీద పెట్టి ‘దీన్ని ఎలా బిగిస్తారు?’ అని అడగడం మామూలే. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో తొంభై మార్కులు తెచ్చుకున్న కుర్రాడు కూడా ‘బోల్టు వేస్తాం సర్’ అని ఆగిపోతాడు. ఎదుటివాళ్లు తలూపి తర్వాతి ఫైలు తీస్తారు. నాలుగేళ్ల చదువు, ఇంట్లో కట్టిన ఫీజులు, ‘హాయిగా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లొచ్చు కదా’ అన్న బంధువుల మాట కాదని తీసుకున్న నిర్ణయం.. అన్నీ ఆ ఒక్క జవాబు దగ్గరే తేలిపోతాయి. కోచింగ్ మెటీరియల్‌లో దొరకని ఆ జవాబు మీ ఇంటి ముందే స్టాండు వేసి ఉంది.

ఎటెటు కదులుతుంది?

ముందు తేలికైన దానితో మొదలుపెడదాం. చాలా బళ్లలో సైడ్ ప్యానెల్‌కో, సీటు కిందో ఓ చిన్న తాళం ఉంటుంది. లోపల గుండ్రటి ప్లగ్, అందులో స్ప్రింగులతో నిలబడ్డ పల్చటి రేకులు. సరైన కీ పెడితే రేకులన్నీ ప్లగ్ అంచుకు సమంగా సర్దుకుంటాయి, ప్లగ్ తిరుగుతుంది. వెనకున్న నాలుక పక్కకు జరుగుతుంది. బయటి గొట్టం సాధారణంగా జింక్ మిశ్రమంతో డై కాస్టింగ్ చేసింది. లాక్ సిలిండర్ అంటే ఇంతే.

ఇప్పుడు దీన్ని ప్యానెల్‌లో నిలబెట్టాలి. ఏ వస్తువుకైనా ఆరు రకాల కదలికలుంటాయని ఫస్టియర్‌లోనే చదివారు. మూడు జరగడాలు, మూడు తిరగడాలు. గుండ్రటి రంధ్రంలో సిలిండర్‌ను బిగువుగా దూర్చితే పక్కలకు జరగడం, ఒరగడం ఆగుతాయి. ఇంకా రెండు మిగులుతాయి: ముందుకూ వెనక్కీ జరగడం, తన చుట్టూ తాను తిరగడం. రెండోదాన్నే చాలామంది మర్చిపోతారు. కీ తిప్పినప్పుడు ప్లగ్‌తోపాటు గొట్టం మొత్తం తిరిగితే తాళం తెరుచుకోదు. స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పే దొంగకూ ఆ వదులు చాలు.

అందుకే రంధ్రాన్ని పూర్తి గుండ్రంగా చేయరు. రెండు పక్కలా చదునుగా కోస్తారు. సిలిండర్‌కూ అవే చదును ముఖాలుంటాయి, కాబట్టి తిరగదు. దీన్ని డబుల్ డి రంధ్రం అంటారు. ముందు వైపున్న అంచు సిలిండర్‌ను లోపలికి పోనివ్వదు. వెనక వైపు గాడిలో దూర్చిన గుర్రపునాడా ఆకారపు స్ప్రింగ్ క్లిప్ బయటికి రానివ్వదు. ఆరు కదలికలూ బంద్. బోల్టు ఒక్కటీ లేదు. అసెంబ్లీ లైన్‌లో పనివాడు క్లిప్‌ను ఒక్క తోపుతో ఎక్కించేస్తాడు. తీయాలంటే మాత్రం ప్యానెల్ వెనక్కి చెయ్యి వెళ్లాలి, అంటే ముందు తాళం తెరవాలి. ‘బిగించే వస్తువు తాళం తెరిస్తేనే అందాలి సర్’ అని ఇంటర్వ్యూలో చెప్పి చూడండి.

అర మిల్లీమీటరు గొడవ

ఈ క్లిప్‌తో ఓ తలనొప్పి ఉంది. ప్యానెల్ మందం 2.5 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 0.2 తేడా రావొచ్చనుకోండి. సిలిండర్ అంచుకూ క్లిప్‌కూ మధ్య ఖాళీ 2.8, అందులో 0.1 తేడా. మందమైన ప్యానెల్ ఇరుకు సిలిండర్‌కు పడితే 2.7లో 2.7, అంటే సందే లేదు. పల్చటి ప్యానెల్ వెడల్పు సిలిండర్‌కు పడితే 2.9లో 2.3. అప్పుడు 0.6 మిల్లీమీటర్ల సందు వస్తుంది. ఇంజిన్ 6000 ఆర్‌పీఎంలో తిరిగితే సెకనుకు 100 చుట్లు. ఆ అదురుకు ఆ సందులో లాక్ గడగడలాడుతుంది. కొన్నాళ్లకు రంధ్రం అరిగి, చదును ముఖాలు పట్టు కోల్పోతాయి. అందుకే క్లిప్‌ను కొంచెం వంపుగా చేస్తారు, లేదా మధ్యలో రబ్బరు వాషర్ పెడతారు. సందు ఎంతున్నా అది ఒత్తి పట్టుకుంటుంది. టాలరెన్స్ స్టాక్ అప్ అని పుస్తకంలో భయపెట్టే పాఠం ఇదే. నా మట్టుకు, ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించగల ఫ్రెషర్‌కు క్యాడ్ సర్టిఫికెట్లు మూడున్నవాడి కన్నా ఎక్కువ విలువ ఇస్తాను.

అసలు పరీక్ష హ్యాండిల్ లాక్‌కే

ప్లాస్టిక్ ప్యానెల్ లాక్ మీద పడే బలం తక్కువ. హ్యాండిల్ లాక్ కథ వేరు. చాలా మోటార్‌సైకిళ్లలో ఇగ్నిషన్ లాక్‌ను ఫోర్కుల పైనుండే క్లాంప్‌కు బిగిస్తారు. కీ నొక్కి తిప్పితే లాక్ నుంచి ఉక్కు పిన్ను బయటికొచ్చి ఫ్రేమ్ మెడ దగ్గరున్న రంధ్రంలో దిగుతుంది. స్కూటర్లలో ఎక్కువగా తిరగేసి ఉంటుంది: లాక్ ఫ్రేమ్‌కు, గాడి స్టీరింగ్ కాడకు.

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 62వ నంబరుది హ్యాండిల్ ఉండే బళ్లను దొంగల నుంచి కాపాడటం గురించే. స్టీరింగ్‌ను పట్టే తాళం రెండు వైపులా 200 న్యూటన్ మీటర్ల టార్క్‌ను తట్టుకోవాలని అది చెబుతుంది. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. లెక్క వేయండి. స్టీరింగ్ మధ్య నుంచి గ్రిప్ దాకా 40 సెంటీమీటర్లు అనుకుంటే, చేత్తో 500 న్యూటన్లు, అంటే సుమారు 50 కిలోల బరువంత బలం పెట్టాలి. గట్టి మనిషికి అసాధ్యం కాదు. అదే పిన్ను స్టీరింగ్ మధ్య నుంచి 4 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటే, దాని మీద పడేది 5000 న్యూటన్లు. సుమారు అర టన్ను! దూరం పదో వంతు, బలం పదింతలు.

ఈ అర టన్ను పిన్నులోంచి లాక్ బాడీకి, అక్కడి నుంచి బోల్టులకు పోతుంది. బోల్టు తెగుతుందా? 8.8 గ్రేడు ఎం6 బోల్టును నిలువునా లాగి తెంచాలంటే దాదాపు 16 వేల న్యూటన్లు కావాలి. బోల్టు కన్నా ముందు లొంగేది దాని మర దిగిన జింక్ బాడీ. ఆ మిశ్రమం తట్టుకునే ఒత్తిడి సుమారు 280 మెగాపాస్కల్స్, బోల్టు ఉక్కుది 800. కాబట్టి జింకులో మర ఎక్కువ లోతుకు దిగాలి. బోల్టు వ్యాసానికి రెట్టింపు లోతు ఉండేలా చూసుకోవడం మంచిది. ఇంకో మాట: పక్క నుంచి వచ్చే తోపును బోల్టుల మీద వదిలేయకూడదు. క్లాంప్‌లో గుంట చేసి లాక్ బాడీని అందులో కూర్చోబెడితే తోపును గుంట గోడలు భరిస్తాయి. లాక్‌ను గుంటలోంచి లేవకుండా పట్టి ఉంచడమే బోల్టుల పని.

ఇక ఆ బోల్టు తల ఎవరికి అందుతుందన్న ప్రశ్న. స్పానర్ పడితే దొంగ విప్పేస్తాడు. దీనికి కంపెనీలు వాడే ఉపాయం షియర్ బోల్టు. తల కింద మెడ సన్నగా ఉంటుంది. బిగిస్తూ పోతే నిర్ణయించిన టార్క్ దగ్గర తల దానంతటదే తెగి పడిపోతుంది. స్పానర్ పట్టని నున్నటి మొండెం మిగులుతుంది. బిగించడం అయింది, విప్పడం కుదరదు. టార్క్ సరిపోయిందో లేదో వేరే చూడక్కర్లేదు కూడా.

ఇక్కడే ఎదుటివాళ్లు మెలిక పెడతారు. ‘మరి కస్టమర్ కీ పారేసుకుంటే, సర్వీస్ సెంటర్‌లో లాక్ ఎలా మారుస్తారు?’ ఆ మొండెంలోకి డ్రిల్ వేసి, ఎడమ మర ఎక్స్‌ట్రాక్టర్‌తో విప్పాలి. మెకానిక్‌కు టైమ్ పడుతుంది, కస్టమర్‌కు బిల్లు పెరుగుతుంది. అందుకే కొన్ని మోడళ్లలో మామూలు బోల్టులే వేసి, హెడ్‌లైట్ విప్పితే గానీ కనపడని చోట దాస్తారు. ఏది మేలు? రెండూ సరైనవే. బండి ధర, సర్వీస్ ఖర్చు చూసి మీరు ఒక పక్షం తీసుకుని కారణం చెప్పాలి. ‘డిపెండ్స్ సర్’ అని తప్పించుకుంటే కుదరదు.

‘స్మార్ట్ కీ వచ్చాక ఇవన్నీ ఎందుకు?’ అనొచ్చు. హోండా 2023లో స్మార్ట్ కీ ఉన్న యాక్టివా తెచ్చింది. జేబులో రిమోట్ ఉంటే చాలు, కీ దూర్చక్కర్లేదు. అయినా హ్యాండిల్‌ను కదలకుండా పట్టేది ఇప్పటికీ లోహపు ముక్కే. దాని బిగింపు ఎవరో ఒకరు డిజైన్ చేయాల్సిందే.

ఎక్కడ చదవాలి, ఎక్కడ అడగాలి

పేటెంట్లు చదవండి, ఉచితం. గూగుల్ పేటెంట్స్‌లో బీ62హెచ్ 5/02 కోడ్ కొడితే స్టీరింగ్‌ను లాక్ చేసే పద్ధతులు, ఈ05బీ 9/08 కొడితే తాళాల బిగింపులు వస్తాయి. భాష చదవలేకపోతే వదిలేయండి, బొమ్మలు చూడండి. ప్రతి బొమ్మలో ఆరు కదలికలను ఏది ఆపుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పది బొమ్మలయ్యాక మీ బండిలోని లాక్‌ను చేత్తో గీయండి. ఇంటర్వ్యూకు ఆ కాగితం తీసుకెళ్లండి.

దరఖాస్తు పెట్టేటప్పుడు బండి మీదున్న పేరు ఒక్కటే చూడకండి. లాక్ సెట్లు ఎక్కువగా విడిభాగాల కంపెనీలు చేస్తాయి. స్పార్క్ మిండా, సంధార్ టెక్నాలజీస్ లాంటివి ఆ కోవలోవే. వీటి పేర్లు క్యాంపస్‌లో వినపడవు కాబట్టి పోటీ కాస్త తక్కువ ఉంటుందని నా అంచనా. బండి కంపెనీలే కావాలంటే సత్యవేడు దగ్గర మాదన్నపాలెంలో హీరో, హోసూరులో టీవీఎస్, కోలారు జిల్లా నరసాపురలో హోండా ప్లాంట్లున్నాయి. రాయలసీమ కుర్రాళ్లకు మూడూ రాత్రి బస్సు దూరమే. వాటి వెబ్‌సైట్లలోని కెరీర్స్ పేజీల్లో ‘గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రెయినీ’, ‘డిజైన్ ట్రెయినీ’ అని వెతకండి. డిప్లొమా వాళ్లయితే అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూడండి. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు ‘స్టడీ ఆఫ్ లాక్’ అని వదిలేయకుండా, ఆ 200 న్యూటన్ మీటర్ల లెక్క రెండు లైన్లలో రాయండి.