యంత్రం మేడ మీద, పిల్లలు రోడ్డు మీద

ఢిల్లీ గాలి పాడైందని టీవీలో చూసి జాలిపడటం మనకు అలవాటు. ఆ జబ్బు శ్రీకాకుళానికీ ఉందంటే నాగావళి గట్టున కూర్చున్నవాళ్లు నవ్వేస్తారు. కేంద్రం లెక్క మాత్రం వేరు. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు జాబితాలో 102 నగరాలుండేవి. తర్వాత అవి 131 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి 13 పేర్లు ఎక్కాయి. అందులో విశాఖ ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. శ్రీకాకుళం, విజయనగరం కూడా ఉన్నాయి. ఆ జాబితాలో ఉన్నవి చాలావరకు వరుసగా ఐదేళ్లు గాలి ప్రమాణం తప్పిన ఊళ్లే. కాబట్టి ఒక ఎండాకాలం దుమారాన్ని చూసి మన మీద వేసిన ముద్ర కాదిది.

దుమ్ము ఎక్కడిదో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. పరదా కప్పని ఇసుక ట్రాక్టర్లు, పైపుల కోసం తవ్వి పూడ్చకుండా వదిలేసిన వీధులు, రైసుమిల్లు ఊక బూడిద, తెల్లారగట్ల చెత్తకుప్పకు ఎవరో అంటించే నిప్పు, జాతీయ రహదారి మీద ఆగని లారీలు. విజయనగరం జిల్లాలోనైతే బొబ్బిలి, గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్ కొలుములు వీటికి తోడు. ధనుర్మాసం వచ్చిందంటే మంచు కింద పొగంతా నేలబారున ఉండిపోతుంది. భోగి మంటలో పాత టైర్లు వేసే సరదా ఎప్పుడు మొదలైందో గాని, ఆ పొద్దున ముందు దగ్గేది ఇంట్లో చిన్నవాళ్లే.

మరి కొలిచేది ఎలా? మనుషులు నడిపే పాతరకం కేంద్రాల్లో వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 సార్లు గాలిని వడగాగితం గుండా పీల్చి, దాని మీద పట్టిన ధూళిని తూకం వేస్తారు. పది మైక్రాన్ల లోపు ధూళి, అంటే పీఎం 10, ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ఇంకా సన్నదైన పీఎం 2.5 అయితే 40 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దులను 15కి, 5కి దించింది. యంత్రాన్ని నేలకు మూడు మీటర్లకు తక్కువ కాకుండా, సాధారణంగా ఏదో ఒక ఆఫీసు మేడ మీద పెడతారు. ఊరి సగటు తెలుసుకోవడానికి అది చాలు. కానీ మూడేళ్ల గుంటడి ముక్కు మీటరు ఎత్తు కూడా ఉండదు. ఆటోల పొగగొట్టాలు ఉండేదీ ఆ ఎత్తు లోపే. పైగా పిల్లలు పెద్దల కంటే వడిగా ఊపిరి తీస్తారు, వాళ్ల ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి.

"డొక్కలు ఎగరేస్తన్నాడు" అంటూ తల్లి ఎత్తుకొచ్చిన బిడ్డకు ఆసుపత్రిలో ఆవిరి పెట్టించి, సిరప్ రాసి పంపుతారు. ఆ ఇల్లు ఏ రోడ్డు పక్కన ఉందో, ఇంట్లో కట్టెల పొయ్యి ఉందో లేదో ఓపీ చీటీలో రాసే గడి ఉండదు. పట్టణంలో ఏ వీధి పిల్లలు ఎక్కువగా పిల్లికూతలతో వస్తున్నారో ఆ తల్లులకూ ఆశా కార్యకర్తలకూ తెలుసు. అది కాగితానికి ఎక్కదు.

ఎక్కించే దారి లేకపోలేదు. హైదరాబాద్ శివారు పల్లెల్లో 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం పెట్టి చూసింది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లనూ తల్లిదండ్రులనూ పరిశోధకులు మళ్లీ కలిశారు. అదే జనంలో కొందరి ఒంటికి గాలిని కొలిచే సాధనం, చిన్న కెమెరా తగిలించారు. ఏ గంటలో పొయ్యి దగ్గర ఉన్నారో, ఏ గంటలో బండి మీద ఉన్నారో బొమ్మనూ అంకెనూ పక్కపక్కన పెట్టి చూశారు. బయటి గాలిలో సన్నధూళి ఎక్కువగా ఉన్నచోట్ల బతికేవాళ్లలో ఎముకల సాంద్రత తక్కువగా ఉందని 2020లో ప్రకటించారు. తమిళనాడులోని కడలూరులోనైతే రసాయన కర్మాగారాల పక్క పల్లెల వాళ్లు 2004లోనే ఏ వాసన ఎప్పుడు వచ్చిందో రాసుకున్నారు, బకెట్లలో అమర్చిన సంచుల్లోకి గాలి పట్టి పరీక్షకు పంపారు. దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లల ఊపిరి బలాన్ని ఏళ్ల తరబడి కొలిచారు. అక్కడ గాలి బాగుపడిన కొద్దీ, పదిహేనేళ్ల వయసుకు ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న పిల్లలు సుమారు 8 శాతం నుంచి 4 శాతం లోపుకు తగ్గారు. గాలి బాగుచేస్తే ఫలితం కనబడటానికి ఒక తరం కూడా పట్టదన్నమాట.

అయితే మన దగ్గర పరిశోధన అన్న మాట ఎత్తితే ముందు ఉద్దానం గుర్తుకొస్తుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు మీద బృందాల తర్వాత బృందాలు వచ్చాయి. రక్తం తీశారు, నీళ్లు పట్టుకెళ్లారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యేసరికి 2023 డిసెంబర్ అయింది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా రక్తం పరీక్షలో ఏం తేలిందని రైతు అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఉండరు. గాలి విషయంలోనూ అదే తంతు నడిస్తే జనం తలుపు తియ్యరు. తియ్యకపోవడమే న్యాయం.

డబ్బు సంగతీ చూడాలి. స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద దేశమంతటా ఖర్చుపెట్టినదాంట్లో 64 శాతం రోడ్డు దుమ్ము అణచడానికే పోయిందని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 2024లో లెక్క తీసింది. నగరాలకు మార్కులు వేసేది పీఎం 10 చూసే కాబట్టి ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే ట్యాంకర్లు కొంటారు. చెత్త మంట నుంచి, డీజిల్ నుంచి వచ్చే సన్నధూళి నీళ్లు చల్లితే పోదు. పిల్లల ఊపిరితిత్తుల లోతుకు దిగేది అదే.

ఇక్కడ చేయాల్సింది పెద్ద ప్రాజెక్టేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో రద్దీ రోడ్డు పక్కనున్న కొన్ని బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల ఎత్తులో చవక సెన్సర్లు పెట్టాలి. వాటి అంకెలను నమ్మేముందు కాలుష్య నియంత్రణ మండలి యంత్రం పక్కన ఉంచి సరిచూసుకోవాలి. దగ్గు, పిల్లికూతల లెక్కను తల్లులు, ఆశాలు కలిసి రాయాలి. ఏం అడగాలో కూడా వాళ్లే తేల్చాలి: లారీలను బడి వేళల్లో దారి మళ్లించడమా, చెత్త తగలబెట్టేవాళ్ల మీద జరిమానానా, కట్టెల పొయ్యి మార్పించడమా అని. మధ్యాహ్న భోజనం పట్టిక రాసిన బడి గోడ మీదే ఆ వారం గాలి అంకె తెలుగులో రాయాలి, జర్నల్‌లో అచ్చయ్యేదాకా ఆగకుండా. దాన్ని చదివిన తల్లి నేరుగా మున్సిపల్ కమిషనర్ దగ్గరికి వెళ్లి, మా వీధి చెత్తకుప్పకు రోజూ నిప్పెవరు పెడుతున్నారని అడగవచ్చు.